కృత్రిమ జీవులకు అవయవాలు: సామాన్యమా, ప్రత్యేకమా?

జీవుల స్వభావాన్ని తెలుసుకొనటానికి రెండు మార్గాలున్నవి. ప్రకృతిలోని జీవులను పరిశీలించటం మొదటిది. జీవులవలె ప్రవర్తించే వాటిని కంప్యూటరులో కల్పించి, అవి తరతరాలుగా ఎట్లా మారుతాయో చూడటం రెండవది. 1987లో అమెరికాలోని లాస్ అలామోస్‌లో క్రిస్టఫర్ లాంగ్టన్ ఏర్పాటు చేసిన సదస్సుతో ఈ రెండవ మార్గానికి కృత్రిమ జీవమనే పేరు స్థిరపడింది. ఇందులో పనిచేసేవారికి మొదటనే ఒక చిక్కు ఎదురవుతుంది. కల్పిత జీవికి కన్ను, నోరు, కాలు అంటూ ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రత్యేకావయవాన్ని ముందుగానే తయారుచేసి ఇవ్వాలా? లేక ఏ పనికైనా మలచుకోదగిన సామాన్య భాగాలనిచ్చి, మిగిలినది పరిణామానికి వదలిపెట్టాలా?

ఇంతవరకు వచ్చిన సమాధానాలను తూచటానికి ప్రకృతి నుండి ఒక ఉదాహరణ అవసరం. నిజామాబాదు జిల్లా ఆర్మూర్ ప్రాంతపు చేలలో పండే పసుపు మొక్క ఇందుకు చక్కగా సరిపోతుంది. ఈ మొక్కకు నేలపైన కాండంవలె కనిపించేది నిజమైన కాండం కాదు. ఒకదానినొకటి చుట్టుకొన్న ఆకు తొడుగులు మాత్రమే. అసలు కాండం నేలలో ఉన్నది. రైతు తవ్వితీసే తల్లి దుంప, దానినుండి వేళ్ళవలె చీలిన కొమ్ములు, ఇవే ఆ కాండం. వీటిపై కణుపులు, పొలుసాకులు, మొగ్గలు ఉండటమే ఇందుకు సాక్ష్యం. వేరుకు కణుపులుండవు గదా! ఈ ఒక్క భాగమే పిండిపదార్థాన్ని నిలువ చేస్తున్నది, మరుసటి పైరుకు విత్తనమూ అవుతున్నది. కాండం తన సామాన్య లక్షణాలను విడువకుండానే ప్రత్యేకమైన పనులను సంపాదించుకొన్నదన్నమాట.

ఇందులో ప్రమాదం కూడా లేకపోలేదు. పసుపు త్రయస్థితిక మొక్క. దాని కణంలో 21 క్రోమోజోముల సమితులు మూడు, అనగా 63 ఉంటాయి. అందువలన గింజ పట్టటం అరుదు. వంశం నిలవటమంతా దుంపమీదనే ఆధారపడి ఉన్నది. దుంపకుళ్ళు తెగులు సోకితే పంటా పోతుంది, విత్తనమూ పోతుంది. కనుక ఏ అవయవాన్ని గురించి అయినా మూడు ప్రశ్నలు వేయవలసి ఉన్నది. అది ఇంతకుముందు ఏమిటి? దానికి జీవి చెల్లించే ధర ఎంత? అది చెడితే ఏ ఏ పనులు ఆగుతాయి?

2008లో వెలువడిన ‘స్పోర్’ అనే కంప్యూటరు ఆటలో ఆటగాడు నోళ్ళు, పాదాలు, కొమ్ములు ఎంచుకొని ప్రాణికి తగిలిస్తాడు. వాటిని కొనటానికి పాయింట్లు ఖర్చవుతాయి. ధర ఉన్నమాట నిజమే. కాని నోరు ఎక్కడ తగిలించినా నోరే. అది వేరొక భాగం నుండి రాలేదు, వేరొకటిగా మారదు. పిల్లలకు వినోదం కలిగించటంలో ఈ ఆటకు లోటు లేదు గాని, దీనిని పరిణామానికి నమూనాగా తరగతిలో చూపితే, అవయవాలు సంతలో దొరికే సరకులనే భావం కలుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది కార్ల్ సిమ్స్ 1994లో సిగ్గ్రాఫ్ సదస్సులో సమర్పించిన కృషి. ఆయన ప్రాణుల దేహాలన్నీ దీర్ఘఘనాకారపు దిమ్మెలే. 32 ప్రాసెసర్ల యంత్రంపై 300 ప్రాణులను 100 తరాలు నడపటానికి సుమారు 3 గంటలు పట్టింది. ఎవరూ చెప్పకుండానే కొన్ని దిమ్మెలు తెడ్లయినవి, కొన్ని తోకలైనవి. కండబలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, బరువు ఘనపరిమాణాన్ని బట్టి పెరిగేటట్లు ఆయన నియమం పెట్టాడు. అందువలన పెద్ద దేహానికి దాని ధర తప్పలేదు. గణనలో చిన్న పొరపాటున్నా ప్రాణులు దానిని కనిపెట్టి వాడుకొంటాయని కూడా ఆయన హెచ్చరించాడు. ఇవన్నీ మెచ్చదగినవే.

అయినా ఈ కృషిలో లోపమున్నది. ఆ ప్రాణులకు ఆకలి లేదు. ఈదటమో, నడవటమో, వెలుగును వెంబడించటమో, ఒకసారి ఒకే పనికి పరీక్ష జరుగుతుంది. పనులమధ్య పోటీ లేనిచోట ప్రాణి మొత్తం ఒక పనికి అనువుగా మారుతుంది గాని, దాని భాగాలు పనులను పంచుకోవలసిన అవసరం బలంగా ఏర్పడదు. నిలువచేయవలసిన ఆహారమే లేని ఆ లోకంలో పసుపు దుంపవంటిది పుట్టటానికి వీలులేదు. పైగా వెలుగును గుర్తించే సాధనం తయారుగా ఇచ్చినదే; కంటి పుట్టుకను గురించి అది ఏమీ చెప్పలేదు.

పోలండుకు చెందిన మచేయ్ కొమొసిన్‌స్కీ, షిమోన్ ఉలతోవ్‌స్కీ రూపొందించిన ‘ఫ్రామ్‌స్టిక్స్’ మధ్యేమార్గం తొక్కింది. ఇందులో దేహం కడ్డీలతో ఏర్పడుతుంది. కడ్డీకి కండబలం, ఓర్పు, ఆహారాన్ని గ్రహించటం, వెలుగునుండి శక్తిని పొందటం అనే గుణాలున్నవి. దీని సంకేత పద్ధతులలో ఒకదాని ప్రకారం ఒక గుణం పెరిగితే మిగిలినవి తగ్గుతాయి. కండగా బలపడే కడ్డీ ఆకుగా బలహీనపడుతుంది. స్పర్శ, వాసన, సమతూకాలను తెలిపే సాధనాలు ఇక్కడ కూడా తయారుగా ఇచ్చినవే. అయినా అసలు సూత్రాన్ని ఇది పట్టుకొన్నది: నిర్మాత ముందుగా నిర్ణయించవలసినవి అవయవాలు కావు, పరిమితులు.

పదార్థం పరిమితమై, పనులు అనేకమై, ఒక పనికి అనువైన రూపం మరొక పనికి అడ్డు వచ్చినప్పుడు ప్రత్యేకతకు విలువ ఏర్పడుతుంది. ఆలుగడ్డ కాండం, చిలగడదుంప వేరు. నిలువ చేయవలసిన అవసరం ఒకటే, దానిని తీర్చిన భాగాలు వేరు. దుంప అనే అవయవాన్ని ముందే తయారుచేసి ఇచ్చే నమూనాలో ఈ భేదం కనిపించదు. ఉపాధ్యాయులు ఇటువంటి కార్యక్రమాలను చూపేటప్పుడు, పక్కనే ఒక పచ్చి పసుపు కొమ్మునుంచి, దాని కణుపులను విద్యార్థులచేత లెక్కింపజేస్తే, తెరమీది ప్రాణిలో ఏది పరిణమించినదో, ఏది నిర్మాత ఇచ్చినదో విడదీసి అడగటం వారికి అలవడుతుంది.