వీడియో పర్యవేక్షణ: టేపు ఆపేది ఎవరు?

కుటుంబ చికిత్స నేర్చుకునేవారి పనిని చాలాకాలం వారి మాట మీదే అంచనా వేసేవారు. సెషన్ అయ్యాక శిక్షణార్థి నోట్సు రాసుకొచ్చి చదివితే పర్యవేక్షకుడు విని సలహా చెప్పేవారు. తల్లి మాట్లాడుతుండగా తండ్రి మొహం తిప్పుకున్నాడనుకోండి. శిక్షణార్థి అది గమనించకపోతే నోట్సులోకి ఎలా వస్తుంది? ఈ లోటును వీడియో తీర్చింది.

1965లో సాల్వడార్ మినూచిన్ ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్ డైరెక్టరయ్యారు. 1967లో జే హేలీ వచ్చి చేరారు. ఈ వృత్తిలో డిగ్రీలు లేని స్థానికులకు కూడా అక్కడ శిక్షణ ఇచ్చారు. అద్దం వెనకనుంచి సెషన్ చూడటం, టేపులు వేసి చర్చించడం ఆ శిక్షణలో ముఖ్యమైనవి. సిద్ధాంతం చదవనివారికి కూడా కంటికి కనిపించేది అర్థమవుతుంది. ఇది చిన్న విజయం కాదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. టేపు ఆపే బటన్ ఎవరి చేతిలో ఉంది? పర్యవేక్షకుడి చేతిలో ఉంటే, ఆయన ఆపేది సాధారణంగా తప్పు దొరికిన చోటే. నేనూ కొన్నేళ్లు అలాగే ఆపాను. మరుసటి వారం ఆ విద్యార్థులు కుటుంబం కోసం కాక కెమెరా కోసం మాట్లాడటం మొదలుపెట్టారు.

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో నార్మన్ కాగన్ 1960లలో రూపొందించిన 'ఇంటర్‌పర్సనల్ ప్రాసెస్ రీకాల్' దీనికి భిన్నం. ఇందులో శిక్షణార్థే టేపు ఆపుతారు. పక్కన కూర్చున్నవారు తప్పొప్పులు ఎంచరు. ఆ క్షణంలో ఏమనిపించింది, అనాలనుకుని ఆగిపోయిన మాట ఏమిటి అని మాత్రమే అడుగుతారు. భార్యాభర్తలు వాదించుకుంటుంటే శిక్షణార్థి తెలియకుండానే ఒకరి పక్షం చేరిపోవచ్చు. చేరినట్టు టేపు చూపుతుంది. ఎందుకు చేరారో వారే చెప్పాలి.

కానీ గమనించండి, శిక్షణార్థి తమకు ఇబ్బంది కలిగిన చోటే ఆపుతారు. అసలు చూడని చోట ఆపలేరు కదా! ఆ తండ్రి మొహం తిప్పుకోవడం మళ్లీ జారిపోతుంది. అందుకే మొదటిసారి శిక్షణార్థి, రెండోసారి పర్యవేక్షకుడు ఆపడం మేలని నా అభిప్రాయం. వరుస తారుమారైతే ప్రయోజనం పోతుంది.

కెమెరా అన్నీ చూస్తుందని కూడా అనుకోకండి. మాట్లాడేవారి వైపే తిప్పి ఉంచితే మూలన మౌనంగా కూర్చున్న నానమ్మ టేపులో ఉండదు. రికార్డింగుకు ఇంటి పెద్ద ఒక్కరు సంతకం పెడితే సరిపోదు. కోడలినీ, ఎదిగిన పిల్లలనూ విడివిడిగా అడగాలి. మధ్యలో ఆపమనే హక్కు తమకుందని వారికి ముందే చెప్పాలి.