చీటీలో వచ్చిన స్థలం: బౌషర్ నేపథ్యంలో నగర ప్రణాళికా సాధనాలు

భూవినియోగాన్నీ రవాణానూ కలిపి ఆలోచించాలన్న సూత్రం కొత్తది కాదు. 1959లో వాల్టర్ హాన్సెన్ ‘అందుబాటు’ అన్న భావనకు గణితరూపం ఇచ్చాడు. ఒక చోటినుంచి ఎన్ని ఉద్యోగాలు, దుకాణాలు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కగడితే, ఆ చోటు ఎంతగా ఇళ్ళతో నిండుతుందో అంచనా వేయవచ్చునన్నాడు. 1964లో ఐరా లౌరీ పిట్స్‌బర్గ్ కోసం చేసిన నమూనా, ఆ తర్వాత పాల్ వాడెల్ బృందం రూపొందించిన అర్బన్‌సిమ్ ఈ దారిలో వచ్చినవే. రోడ్డు వేస్తే అందుబాటు పెరుగుతుంది. దానితో భూమి విలువ పెరుగుతుంది. విలువ పెరిగినచోట కట్టడాలు లేస్తాయి. వాటినుంచి కొత్త ప్రయాణాలు పుడతాయి. ఈ సాధనాలకు ఆధారం ఈ గొలుసే. అందులో ఒక లంకె తెగిన ఊళ్ళో ఇవి ఏపాటి పనికొస్తాయి?

మస్కట్ గవర్నరేట్‌లోని ఆరు విలాయత్‌లలో బౌషర్ ఒకటి. ఒకవైపు సముద్రం, మరొకవైపు హజర్ పర్వతాలు. మధ్యనున్న సన్నటి మైదానంలో ఊరు పొడవునా సాగింది. సముద్రంవైపు సుల్తాన్ ఖాబూస్ వీధి, కొండలవైపు మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే. ఖువైర్‌లో మంత్రిత్వ శాఖలు, ఘుబ్రా, అజైబాలలో నివాసాలు, ఘలాలో పరిశ్రమవాడ, కొండపాదాన ఖర్జూరపు తోటల పాత బౌషర్. ఇంత పొడవాటి ఊరికి ఒక్క బస్సు మార్గం వేసినా ఎందరికో పనికొస్తుందనిపిస్తుంది.

కానీ ఒమాన్‌లో ఇంటిస్థలం మొదట చేతికొచ్చేది బజారులో కాదు. పౌరులకు ప్రభుత్వమే, సాధారణంగా 600 చదరపు మీటర్ల చొప్పున, లాటరీ పద్ధతిలో స్థలాలిస్తూ వచ్చింది. 2008 నుంచి ఇందులో మహిళలకూ సమాన హక్కు ఉంది. సామాజిక న్యాయం దృష్ట్యా దీన్ని తప్పుపట్టలేం. అయితే ఆ లాటరీ పద్ధతిలో కుటుంబం తన ఉద్యోగాన్ని బట్టి స్థలాన్ని ఎంచుకునేది కాదు; చీటీ ఎటు చూపితే అటు వెళ్ళేది. ఖాళీ స్థలాల నడుమ అక్కడొకటి, ఇక్కడొకటిగా విల్లాలు లేస్తాయి. బస్సు నడపడానికి చాలినంత జనం ఏ ఒక్కచోటా పోగుపడరు. మవాసలాత్ పేరుతో నగర బస్సులు 2015 నవంబరులో కొత్తగా రోడ్డెక్కేనాటికే విస్తరణ చాలావరకు జరిగిపోయింది.

అర్బన్‌సిమ్ వంటి నమూనాలో ప్రతి కుటుంబమూ ఇల్లెంచుకునే కర్త. బౌషర్‌లో ఈ ఊహ సగమే నిజం. ఘుబ్రాలో అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకునే మనబోటి ప్రవాసి ఎంచుకుంటాడు. చీటీ తీసిన పౌరుడు ఎంచుకోడు. ఆ స్థలం అమ్ముడైనప్పుడో, అద్దెకిచ్చినప్పుడో బజారు మళ్ళీ ప్రవేశిస్తుంది. కనుక రెండు వర్గాలనూ, రెండు దశలనూ విడివిడిగా చూపని నమూనా ఇక్కడ చక్కటి పటాలిస్తుందే తప్ప కారణం చెప్పదు. పెద్ద నమూనాలకు అంతులేని సమాచారపు ఆకలి ఉంటుందని 1973లోనే డగ్లస్ లీ వాటి ఏడు దోషాల్లో ఒకటిగా పేర్కొన్నాడు.

చిన్న సాధనాలూ పరీక్షకు అతీతం కావు. 1992లో లండన్‌లోని హామర్‌స్మిత్-ఫుల్‌హమ్‌లో పుట్టిన పీటాల్ పద్ధతి, బస్టాపుకు 640 మీటర్లు, అంటే ఎనిమిది నిమిషాల నడకను హద్దుగా పెట్టుకుంది. నలభై డిగ్రీలు దాటే జూన్ మధ్యాహ్నం, నీడలేని దారిలో, ఆ ఎనిమిది నిమిషాలు లండన్ నిమిషాలు కావు. పైగా బస్సు ఎక్కడికి చేరుస్తుందో ఈ కొలత అడగదు. ఘలాలో పనిచేసే, కారు లేని కార్మికుడికి కావలసింది ఆ జవాబే.

నా దృష్టిలో బౌషర్‌కు దగ్గరైనది 1990ల డచ్చి ‘ఏ-బీ-సీ’ విధానం. ఏ సంస్థకు ఎంత రాకపోకలుంటాయో చూసి, అందుకు తగిన చోటే అనుమతి ఇవ్వాలన్నది దాని సారం. అక్కడ పురపాలక సంఘాలు పెట్టుబడుల కోసం పోటీపడటంతో అది నీరుగారింది. ఒమాన్‌లో 2020లో ఏర్పడిన గృహ, పట్టణ ప్రణాళికా మంత్రిత్వ శాఖే స్థలాలు కేటాయిస్తుంది కనుక ఆ పోటీ లేదు. రవాణా మాత్రం వేరే శాఖ చేతిలో ఉంది. అసలు చిక్కు ఈ రెండు బల్లల మధ్య దూరంలో ఉంది గాని, గణితంలో కాదు.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. అమరావతిలో 2015 భూసమీకరణ తర్వాత రైతులకు తిరిగి ఇచ్చే ప్లాట్లు ఎక్కడ రావాలో 2016లో లాటరీయే తేల్చింది. కాగితంమీద వీధులున్నాయి, నేలమీద లేవు. 2019 తర్వాత పనులు ఆగినప్పుడు ఆ తేడా ఎంతటిదో రైతుకు తెలిసివచ్చింది.

లాటరీని రద్దుచేయమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చీటీల డబ్బాలో వేసే ముందే ప్రతి స్థలానికీ అందుబాటు లెక్క కట్టాలి. బడి, ఆసుపత్రి, పనిచోటు కారు లేకుండా ఎంతసేపట్లో చేరవచ్చో తేల్చాలి. ఒక కనీస హద్దుకు లోబడిన స్థలాలనే డబ్బాలో వేయాలి. దీనికి అర్బన్‌సిమ్ అక్కర్లేదు. బస్సుల వేళలు, స్థలాల పటం, రెండు శాఖల సంతకాలు చాలు. చీటీ తీశాక చేసే లెక్క ఎంత గొప్పదైనా, అప్పటికే ఇల్లు కట్టుకున్నవాడిని మరో చోటికి చేర్చలేదు.