మాస్టార్లను గాజువాక కూడా అడగాలి

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టి, 1930లో విశాఖలోని వాల్తేరు చేరింది. ఈ నూరేళ్ల చరిత్ర కోసం వెతికితే వైస్ ఛాన్సలర్ల పేర్లు, శంకుస్థాపన తేదీలు, స్నాతకోత్సవ ప్రసంగాలు కావలసినన్ని దొరుకుతాయి. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిందన్న సంగతీ ప్రతి పుస్తకంలో ఉంటుంది. అయితే లాబొరేటరీ గాజుసామాను ఎవరు సర్దారు, దేంట్లో వేసి పంపారు, పరిశోధన సగంలో ఉన్న కుర్రాళ్లు ఏమయ్యారు అని అడిగితే, కళ్లారా చూసి చెప్పగలిగినవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆచార్యుల్ని కూర్చోబెట్టి వాళ్ల ఉద్యోగ జీవితాన్ని మొదటి నుంచి చెప్పించి నమోదు చేసే మౌఖిక చరిత్ర అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. అసలు పేచీ అడిగేదెవరన్న దాని మీద. ఆ పని క్యాంపస్ ఒక్కదానికే వదిలేస్తే సగం చరిత్రే వస్తుంది. మిగతా సగం కోసం విశాఖ ఉక్కు కర్మాగారం పక్కనున్న గాజువాక కూడా అడగాలి.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అలన్ నెవిన్స్ దీనికొక కార్యాలయమే పెట్టాడు. 1961 నుంచి 1964 వరకు థామస్ కూన్ బృందం క్వాంటమ్ భౌతికశాస్త్రాన్ని కట్టినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడించింది. నీల్స్ బోర్‌తో చివరి ముఖాముఖి 1962 నవంబర్ 17న జరిగింది, మర్నాడే ఆయన కన్నుమూశాడు. మన దేశంలో బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయోలాజికల్ సైన్సెస్ (ఎన్.సి.బి.ఎస్.) ఆర్కైవ్స్ శాస్త్రవేత్తల గొంతులు భద్రపరుస్తోంది. ఎవరు చేసినా అసలు కష్టం రికార్డర్ నొక్కకముందే ఉంటుంది. ఆ మాస్టారి థీసిస్, ఆయన చేరిననాటి సిలబస్, డిపార్ట్‌మెంట్‌లో అప్పుడున్న మనుషులు, ఇవన్నీ తెలుసుకుని వెళ్లాలి. ‘మీ పరిశోధన గురించి చెప్పండి సార్’ అంటే బయోడేటా అప్పజెబుతారు. ‘మీరు చేరిన కొత్తలో ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉండేదండీ?’ అని అడిగితే అటెండరు పేరు వస్తుంది, సాయంత్రం ఆరు దాటాక పని చేసుకోవడానికి ఎవర్ని బతిమాలాలో వస్తుంది, ఆ వెనకే డిపార్ట్‌మెంట్ రాజకీయమంతా వస్తుంది. ఆయన ఆగితే మనమూ ఆగాలి. మాట అందివ్వబోతే వచ్చే జ్ఞాపకం వెనక్కి పోతుంది. ఒక్క కూర్చోవడంతో అయ్యేది కాదు, గంటన్నర చొప్పున నాలుగైదుసార్లు వెళ్లాలి. రాతప్రతి ఆయనకు చూపించాలి, ఫలానా భాగం పదేళ్ల దాకా బయటపెట్టొద్దంటే ఆ మాటకు కట్టుబడాలి. భాష సంగతి కూడా చూసుకోవాలి. సబ్జెక్టు దగ్గరికి రాగానే మన ప్రొఫెసర్లు ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. వెళ్లనివ్వాలి, తర్వాత అదే సంగతి తెలుగులో మళ్లీ అడగాలి. రెండోసారి వచ్చేది మొదటి దానికి అనువాదంలా ఉండదు.

కాగితాలున్నాయి కదా, ఈ శ్రమంతా ఎందుకు అనేవాళ్లకు సి.ఆర్. రావు గారి ఉదాహరణ చాలు. విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీలోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ గణితం చదివిన ఈ సంఖ్యాశాస్త్రవేత్త కలకత్తా ఎందుకు వెళ్లారు? వాల్తేరులో రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కు పెట్టుకున్న దరఖాస్తు ఆలస్యమైందని తోసిపుచ్చారు. సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. అక్కడ బస చేసిన చోట పరిచయమైన ఒక యువకుడు తాను శిక్షణ పొందుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పాడు. 1941 జనవరిలో రావు గారు అందులో చేరారు. సర్వీసు రిజిస్టర్‌లో చేరిన తేదీ ఉంటుంది, పోయిన దరఖాస్తు ఉండదు. ఆయన చెప్పుకోబట్టే ఇది లోకానికి తెలిసింది. 1987లో ‘స్టాటిస్టికల్ సైన్స్’ పత్రికలో మోరిస్ డిగ్రూట్ ఆయనతో జరిపిన సుదీర్ఘ సంభాషణ అచ్చయింది. డిగ్రూట్ కూడా సంఖ్యాశాస్త్రవేత్తే కాబట్టి సిద్ధాంతాల మీద లోతుగా అడగగలిగాడు. వృత్తిలోని మనిషి అడిగితే ఉండే లాభం అది. నష్టం కూడా అక్కడే ఉంది. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఎవరూ విప్పి చెప్పరు.

జ్ఞాపకాన్ని నమ్మలేమన్నది గట్టి అభ్యంతరమే. దానికి జవాబు మరో ఉక్కు పట్టణం నుంచి దొరుకుతుంది. ఇటలీలోని టెర్నీలో 1949లో ఒక నిరసన ప్రదర్శనలో లుయీజీ ట్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి వెళ్లి అడిగితే, అది 1953లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జరిగిన గొడవల్లో జరిగిందని చాలామంది చెప్పారు. తేదీ తప్పే. పోర్తెల్లి దాన్ని దిద్ది ఊరుకోలేదు, ఎందుకు తప్పు చెబుతున్నారని ఆలోచించాడు. తోటివాడి చావుకు బదులు చెప్పలేకపోయిన బాధ వాళ్లది. అందుకే ఆ చావును తాము నిజంగా తిరగబడ్డ రోజుల్లోకి జరుపుకున్నారు. తేదీ కోసం పత్రిక చూసుకోవచ్చు, ఈ సంగతి ఏ పత్రికలోనూ దొరకదు. 1966 నవంబర్ 1న ఉక్కు కర్మాగారం కోసం సాగిన ‘విశాఖ ఉక్కు’ ఉద్యమంలో విశాఖలో కాల్పులు జరిగిన నాటికి క్యాంపస్‌లో పాతికేళ్ల లెక్చరరుగా ఉన్నవారికి ఇప్పుడు ఎనభై అయిదు వస్తాయి. ఆ రోజు ఆయన క్లాసు తీసుకున్నారా, విద్యార్థులతో వెళ్లారా, తలుపు వేసుకుని కూర్చున్నారా? జవాబులో తేదీలు తడబడినా పరవాలేదు, ఆ తడబాటునూ రాసుకోవాలి.

ఇంకో ఆక్షేపణ గాజువాక నుంచే రావచ్చు. పెద్ద జీతం, పింఛను, శిష్యగణం ఉన్న ప్రొఫెసర్ల సొంత డబ్బా ఎందుకు, ముందు మా గోడు రాయండి అని. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు భూములిచ్చాయి. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని తరాలు మారినా ఉద్యోగం రానివాళ్లు నిర్వాసిత కాలనీల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల మాట కచ్చితంగా రాయాలి. కానీ ఒకటి రాస్తే రెండోది ఆగాలని ఎక్కడుంది? పైగా ఈ రెండూ కలిసేచోటే మంచి ప్రశ్నలున్నాయి. 1955లో మొదలైన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాళ్లు షిప్‌యార్డులోకి, ఉక్కు ఫ్యాక్టరీలోకి వచ్చారు. ఇక్కడ ఫర్నేసు దగ్గర షిఫ్టు చేసిన మనిషి తన పాత మాస్టారిని అడగగలిగింది ఏ చరిత్రకారుడూ అడగలేడు. ‘మీరు చెప్పిన పాఠానికీ, ఇక్కడ మేం చూసిన దానికీ పొంతన లేదు సార్, మీరెప్పుడైనా ప్లాంటు చూశారా?’ అని. ‘ఊళ్లు ఖాళీ చేయిస్తుంటే మీ సెనేట్‌లో ఎవరైనా మాట్లాడారా?’ అని నిర్వాసితుల పిల్లలు అడగాలి. సొంత డబ్బాకు విరుగుడు ఎదురు ప్రశ్నే. ఆత్మకథలో ఆ అవకాశం లేదు, రాసుకునేవాడికి ఎవరూ అడ్డు తగలరు.

అడిగినవాళ్ల పేరు, ఊరు, పనిచేసిన విభాగం రికార్డింగ్‌లో ముందే చెప్పించాలి. ఎందుకంటే ఒకే మాస్టారు ఇద్దరికి రెండు రకాలుగా చెబుతారు, ఆ తేడా కూడా సాక్ష్యమే. ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఒకటి గాజువాకలో ఏ లైబ్రరీలోనైనా ఉంచితే చాలు. ఉక్కునగరంలో, కూర్మన్నపాలెంలో, పెదగంట్యాడలో రిటైరై ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీకు పాఠం చెప్పిన మాస్టారు ఇంకా ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఈ నెలలోనే ఫోను చేసి, ఏ రోజు రమ్మంటారో అడగండి.