పాత ఫోటోలోని విమానం ఏది?

పాత ఫోటోలో కనిపించే విమానం ఏ రకానిదో, ఎవరిదో, ఏ కాలంలో ఎగిరిందో తేల్చడం పైకి జ్ఞాపకశక్తికి సంబంధించిన విద్యలా అనిపిస్తుంది గానీ, దాని అసలు బలమంతా నిరాకరణలో ఉంది. కాదనడానికి ఆధారమున్న పేర్లను ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ పోయి, చివరికి కాదనలేని పేరు దగ్గర ఆగడమే ఈ విద్యలోని పద్ధతి. వందల విమానాల పేర్లు కంఠస్థమైనవారు సైతం ఫోటో చూడగానే తట్టిన పేరును పట్టుకుని, దానికి అనుకూలించే ఆనవాళ్లనే వెతకడం మొదలుపెడితే పొరపాటు తప్పదు. కొద్దిమంది అభిరుచిగా మాత్రమే తోచే ఈ పనిని నల్లగండ్ల పాఠకులు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన కారణం ఒకటుంది. హైదరాబాద్ పేరు, హైదరాబాద్ సొమ్ము, హైదరాబాద్ నేల విమానయాన చరిత్రలో ఎంత విస్తారంగా ఉన్నాయో మన పుస్తకాలలో అంత విస్తారంగా లేవు. ఆ లోటును కొంతైనా పూడ్చగలిగిన సాక్ష్యం ఇళ్లలో మిగిలిన ఆల్బమ్‌లలో ఉండవచ్చు.

ముందుగా ఈ నగరం పేరే పెట్టుకున్న విమానాన్ని చూడవచ్చు. బ్రిటన్‌లోని హ్యాండ్లీ పేజ్ సంస్థ తయారుచేసిన ‘హైదరాబాద్’ అనే బాంబర్ 1923లో తొలిసారి ఎగిరి, 1925లో బ్రిటిష్ వాయుసేనలో చేరింది. ఇది బైప్లేన్, అంటే ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న విమానం. ఆ వాయుసేన వాడిన భారీ బాంబర్లలో కర్ర చట్రంతో కట్టిన చివరిది కూడా ఇదే. దీని నుంచి రూపొందిన ‘హినైడీ’ అనే బాంబర్ ఆకారంలో దీనికి ఎంత దగ్గరగా ఉంటుందంటే, దూరం నుంచి తీసిన ఫోటోలో రెక్కలనూ తోకనూ చూసి రెండింటినీ వేరుచేయడం దాదాపు అసాధ్యం. తేడా తెలిసేది రెక్కల నడుమ బిగించిన ఇంజన్ల దగ్గర. హైదరాబాద్‌కు అమర్చిన నేపియర్ లయన్ నీటితో చల్లబడే ఇంజన్. దాని పన్నెండు సిలిండర్లు నాలుగేసి చొప్పున మూడు వరుసల్లో ఉంటాయి. హినైడీకి అమర్చిన బ్రిస్టల్ జూపిటర్ గాలితో చల్లబడే రేడియల్ ఇంజన్, అంటే ఇరుసు చుట్టూ పువ్వు రేకుల్లా తొమ్మిది సిలిండర్లు విచ్చుకుని ఉండే రకం. కొన్ని హైదరాబాద్‌లనే ఇంజన్లు మార్చి హినైడీలుగా చేశారు గనుక, విమానం మీద రాసిన సీరియల్ సంఖ్య స్పష్టంగా కనిపించినా, అది ఒక్కటే చాలదు. ఫోటో తీసిన నాటికి ఆ విమానం ఏ రూపంలో ఉందో ఇంజనే చెప్పాలి.

ఆకారం తర్వాత చూడవలసినవి గుర్తులు. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళంతో డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. అవి నిజాం కానుకలని ఒక్కొక్క విమానం మీదా రాయించారు. రెండో ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతోనే స్పిట్‌ఫైర్లు నడిపి, 1940లో ఇంగ్లండ్ ఆకాశంలోనూ, ఆ తర్వాత బర్మా రంగంలోనూ పోరాడింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. విమాన దేహం మీద జాతీయత తెలిపే గుండ్రని గుర్తును రౌండెల్ అంటారు. దానికి ఒక పక్కన ఉండే రెండక్షరాలు స్క్వాడ్రన్‌వి, మరో పక్కన ఉండే ఒంటి అక్షరం ఆ విమానానిది. 152వ స్క్వాడ్రన్ అక్షరాలు యూ, ఎం.

ఇక్కడొక చిక్కుంది. ఆ రెండు ఇంగ్లిష్ అక్షరాలూ అద్దంలో చూసినా అలాగే కనిపిస్తాయి గనుక, నెగటివ్‌ను తిరగేసి ముద్రించిన ఫోటోలో వాటి వరుస మాత్రమే మారి, విమానం వేరే స్క్వాడ్రన్‌దై పోతుంది. దీనికి విరుగుడు కాక్‌పిట్ దగ్గర దొరుకుతుంది. స్పిట్‌ఫైర్‌లోకి పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమ పక్కన ఉంటుంది; ఫోటోలో అది కుడి పక్కన కనిపించిందంటే తిరగబడింది విమానం కాదు, నెగటివ్.

హైదరాబాద్ కుటుంబాల ఆల్బమ్‌లలో దొరికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువున్న పాత విమానం డకోటా. నిజాం రాజ్యమూ టాటా సంస్థా కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపి, 1953లో జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా అని అందరూ పిలిచే విమానాల్లో ప్రయాణికుల కోసం తయారైన డీసీ-3, సైన్యం కోసం తయారైన సీ-47 రెండూ ఉన్నాయి. యుద్ధం ముగిశాక మిగులు విమానాలు పౌర సంస్థలకు చేరినందువల్ల, ఎడమవైపు వెనక భాగంలో సరుకు ఎక్కించే వెడల్పాటి జంట తలుపు ఉంటే అది సీ-47గా పుట్టిందని చెప్పడానికి ఆస్కారం ఉంటుంది. తోక దగ్గర ‘వీటీ’ అనే భారతీయ రిజిస్ట్రేషన్ గుర్తు, దాని తర్వాతి మూడు అక్షరాలు చదవగలిగితే, ఆ ఒక్క విమానం ఎవరి చేతులు మారిందో రిజిస్టర్లలో వెతకవచ్చు. బేగంపేట ఫోటోలోని ప్రతి డకోటా దక్కన్ ఎయిర్‌వేస్‌దే అనుకోవడం మాత్రం సరికాదు. వాయుసేన డకోటాలపై స్వాతంత్ర్యం తర్వాత కొంతకాలం అశోక చక్రం, గణతంత్రం వచ్చాక మూడు రంగుల రౌండెల్ ఉండేవి గనుక, ఆ గుర్తు యజమానితో పాటు కాలాన్నీ చెబుతుంది.

రంగుల విషయంలో నలుపు తెలుపు ఫోటోను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. పూర్వం విరివిగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము నీలానికి చురుగ్గా స్పందించి, ఎరుపుకు దాదాపు స్పందించదు. అందువల్ల బ్రిటిష్ రౌండెల్‌లోని నీలి వలయం అందులో పాలిపోయి, నడిమి ఎర్రచుక్క నల్లగా పడుతుంది; పసుపు సైతం ముదురుగా దిగుతుంది. ఈ సంగతి తెలియనివారికి ఆ విమానం మరో దేశానిదిగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఈ విద్యలో హైదరాబాద్ చరిత్రను నేరుగా తాకే పేరు సిడ్నీ కాటన్. ఈ ఆస్ట్రేలియా వైమానికుడు రెండో ప్రపంచయుద్ధానికి ముందు లాక్‌హీడ్ విమానంలో కెమెరాలు దాచి జర్మనీ మీద రహస్యంగా ఫోటోలు తీశాడు. యుద్ధం మొదలయ్యాక బ్రిటన్ ఫోటో నిఘా దళాన్ని నిర్మించాడు. అలాంటి నిఘా ఫోటోలను ఇంగ్లండ్‌లోని మెడ్‌మెన్‌హామ్‌లో చదివిన బృందంలోని కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్, 1943 చివర జర్మనీలోని పీనెముండే ఫోటోలో ఇరవై అడుగుల రెక్కల విస్తారమున్న అతిచిన్న విమానాన్ని కొలిచి పట్టుకోవడంతో, వీ-1 అనే ఎగిరే బాంబు జాడ బయటపడింది. అదే కాటన్ 1948లో కరాచీ నుంచి రాత్రివేళల్లో లాంకాస్ట్రియన్ విమానాలలో నిజాం రాజ్యానికి ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్టర్ బాంబర్ నుంచి తుపాకీ గూళ్లు తీసేసి, ముక్కునూ తోకనూ నున్నగా కోసుగా మార్చితే వచ్చిన రవాణా విమానమే లాంకాస్ట్రియన్. నాటి బేగంపేట, బీదర్, వరంగల్ మైదానాల ఫోటో ఏదైనా వెలుగులోకి వచ్చి, అందులో నాలుగు ఇంజన్లు, జంట నిటారు తోకలు, గూడు లేని కోసు ముక్కు ఉన్న విమానం కనిపిస్తే, ఆ ఆనవాళ్లు ఒక రాజ్యం ఆఖరి నెలల చరిత్రకు సాక్ష్యమవుతాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు దట్టంగా నివసించే ఈ ప్రాంతంలో మసకబారిన ఫోటోను కృత్రిమ మేధతో పదునుపెట్టడం నిమిషాల పని అయింది గనుక, ఒక హెచ్చరిక అవసరం. అలాంటి పరికరం ఫోటోలో లేని వివరాన్ని తవ్వి తీయదు. తాను నేర్చుకున్న లక్షల చిత్రాల ఆధారంగా అక్కడ ఏది ఉండవచ్చో ఊహించి గీస్తుంది. మసక అక్షరం స్పష్టమైన అక్షరంగా మారినప్పుడు అది సీ అయినా, జీ అయినా కళ్లకు ఒకేలా నమ్మదగినదిగా ఉంటుంది. గుర్తింపు మొత్తం ఆ ఒక్క అక్షరం మీద నిలబడి ఉంటే, యంత్రం ఊహ చరిత్రగా నమోదవుతుంది. రంగులు అద్దడానికీ ఇదే వర్తిస్తుంది. పదునుపెట్టిన ప్రతిని చూసి ఆనందించడంలో తప్పు లేదు; నిర్ణయం మాత్రం మూలప్రతి మీదే జరగాలి.

అందువల్ల ఇంట్లో పెద్దల నాటి విమాన ఫోటోలు ఉన్నవారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఫోటోను అంచులు కత్తిరించకుండా, వీలైనంత ఎక్కువ స్పష్టతతో, వెనక వైపుతో సహా స్కాన్ చేయించాలి. వెనక ఉన్న స్టూడియో ముద్ర, తేదీ, చేతిరాత విమానం తోక మీది అక్షరాలంత ముఖ్యమైనవి. ఫోటోలో ఉన్నవారు ఎవరో, ఎక్కడ తీశారో చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి రాసుకోవాలి. విమానానికి పేరు పెట్టినప్పుడు, ఏ ఆనవాలు చూసి ఆ పేరు పెట్టారో పక్కనే రాయాలి. ఆనవాలు చాలకపోతే తేలలేదని రాయాలి. కారణంతో రాసిన తప్పును తర్వాతివారు దిద్దగలరు గానీ, కారణం లేకుండా రాసిన ఒప్పును సైతం ఎవరూ నమ్మలేరు.