రాగి రేకు, సీసపు నాణెం

రామన్నపేట మండలంలోని తుమ్మలగూడేన్ని చరిత్రకారులు ఇంద్రపాలనగరం అంటారు. విష్ణుకుండిన రాజుల రాగి శాసనాలు రెండు దొరికింది ఇక్కడే. నల్లగొండ జిల్లా చరిత్రకారుడు బి.ఎన్.శాస్త్రి 1960ల్లో వాటిని చదివి వెలుగులోకి తెచ్చారు. ఒకటి గోవిందవర్మది. తన రాణి కట్టించిన బౌద్ధ మహావిహారానికి ఆయన చేసిన దానం అందులో ఉంది. రెండోది విక్రమేంద్ర భట్టారకవర్మది. దాని మీద శక సంవత్సరం 488 అని ఉంది, అంటే క్రీ.శ. 566. విష్ణుకుండినుల కాలం లెక్కగట్టే వాళ్లందరికీ ఆ ఒక్క ఏడే పట్టుకొమ్మ అయింది.

ఆ శాసనాల్లోని దానం సంగతి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసేది రాగి శాసనం తయారైన తీరు. రాగిని సాగగొట్టి రేకులు చేస్తారు. అంచులను కాస్త మందంగా ఉంచుతారు, లేదా పైకి మడుస్తారు. అంచులు ఎత్తుగా ఉంటే ఒక రేకు మీద ఇంకో రేకు పెట్టినా అక్షరాలు ఒకదానికొకటి ఒరుసుకోవు. మొదటి రేకు పైముఖం, చివరి రేకు వెనుకముఖం సాధారణంగా ఖాళీగానే ఉంటాయి. దెబ్బ తగిలేది వాటికే గనుక రాత లోపలి ముఖాలకే పరిమితం. రేకులన్నిటికీ ఒకే చోట రంధ్రం వేసి, అందులోంచి కడియం దూర్చి, కడియం రెండు కొనలనూ ముద్ర దిమ్మెలో కలిపి అతికేస్తారు. విష్ణుకుండినుల ముద్ర మీద సింహం ఉంటుంది. ఇక ఆ కడియం కోయకుండా ఒక రేకు తీయడానికి లేదు, కొత్తది కలపడానికి లేదు. భద్రత, వరుస, సాక్ష్యం మూడూ ఒక్క కడియంలో ఇమిడిపోయాయి. పధ్నాలుగు వందల ఏళ్ల కిందటి పనివాడు దాచడం గురించి ఎంత ఆలోచించాడో ఆ అంచు మీద వేలు పెడితే తెలుస్తుంది.

అలాంటి వస్తువు చేతికొచ్చాక మ్యూజియం చేసే పని ఆ పనివాడి పనికి కొనసాగింపే. తోమడంతో మొదలుపెట్టకూడదు. పాత రాగి కనపడితే చింతపండు, ఇటుక పొడి పెట్టి మెరిసేదాకా తోమడం మన ఇళ్లలో అలవాటు. శాసనానికి అంతకన్నా చేటు లేదు. చింతపండులోని ఆమ్లం పైనున్న పచ్చని పొరను కరిగిస్తుంది. ఉలి చెక్కిన అక్షరపు అంచు చాలాసార్లు మిగిలి ఉండేది ఆ పొరలోనే. అందుకే రసాయనశాలలో రేకును భూతద్దం కింద పెట్టి, మెత్తని కుంచెతో, వెదురు పుల్లతో అక్షరం గాడిలోని మట్టిని కొద్దికొద్దిగా తీస్తారు. పుల్ల రాగికన్నా మెత్తన, మట్టికన్నా గట్టి. మట్టి ఊడుతుంది, రాగి మీద గీత పడదు. పనిముట్టును ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉంది.

చిలుమంతా ఒక రకం కాదని గుర్తుపట్టడం ఆ తర్వాతి మెట్టు. ముదురు ఆకుపచ్చగా, నున్నగా, గట్టిగా ఉన్నది రేకును కాపాడే పొర. లేత ఆకుపచ్చగా, పిండిలా రాలేది జబ్బు. నేలలోని ఉప్పు రాగిలో చేరి క్లోరైడుగా ఉండిపోతుంది. దానికి తేమ, గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా రాగిని తింటుంది, అందులోంచి మళ్లీ క్లోరైడు తయారవుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. దీనికి బెంజోట్రయజోల్ అనే మందును ఆల్కహాల్‌లో సుమారు 3 శాతం కలిపి రేకును నానబెడతారు. అది రాగితో కలిసి కంటికి కనపడని పొర కడుతుంది. మందు ఒంటికి మంచిది కాదు కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. దాని మీద పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెజిన్‌ను పలుచగా పూస్తారు. అక్కర లేనప్పుడు అసిటోన్‌తో తుడిస్తే ఆ పూత పోతుంది. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే: రేపు ఇంతకన్నా బాగా తెలిసినవాడు వస్తే నా పనిని విప్పి తీయడానికి వీలుండాలి.

చివరికి రేకును మూత బిగిసే పెట్టెలో సిలికా జెల్‌తో ఉంచుతారు. జెల్ గుళికలు తేమ పీల్చుకునే కొద్దీ నీలం నుంచి గులాబీ రంగుకు తిరుగుతాయి. వాటిని తీసి వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. కాపలాకు ఆ రంగు చాలు, కానీ చూసే మనిషి ఉండాలి.

రాగికి తేమ శత్రువైతే, సీసానికి చెక్క బీరువాయే శత్రువు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఇప్పటి సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరిలో, 2024లో బౌద్ధారామం తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. 15 సెంటీమీటర్ల ఎత్తు, 16.7 సెంటీమీటర్ల వ్యాసం. దాని మూతి మీద బయట ఒక లోతు తక్కువ పాత్ర, లోపల ఒక పగిలిన గిన్నె అడుగు మూతలుగా ఉన్నాయి. కుండలో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివి, క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాలవి. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, అంటే అరచేతుల్లో పట్టే కుండలో దాదాపు ఎనిమిదిన్నర కిలోల సీసం.

పాత మ్యూజియాల్లో టేకు బీరువాలు ఎంతో అందంగా ఉంటాయి. చెక్క, ప్లైవుడ్, అట్ట ఏళ్ల తరబడి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరిని వదులుతుంటాయి. ముక్కుకు తెలియనంత ఆవిరైనా సీసం దాన్ని పట్టుకుని తెల్లని పొడిగా మారుతుంది. ఏనుగు తొండం ముందు పోతుంది, తర్వాత నాణెమే పోతుంది. అందుకని పౌడర్ కోటింగ్ చేసిన ఉక్కు బీరువాలు కావాలి. లోపల పాలిథీన్ ఫోమ్ పలకలు పరిచి, నాణెం అంత గుంట కోసి, ఒక్కోదాన్ని ఒక్కో గుంటలో కూర్చోబెట్టాలి. సీసం గోటితో గీసినా గీత పడేంత మెత్తన. ఒకదాని మీద ఒకటి పేర్చితే సొంత బరువుకే అరుగుతుంది. దాని పొడి విషం కాబట్టి ఇక్కడా చేతి తొడుగులు వేసుకోవాల్సిందే.

నాణెం మీద నంబరు రాయరు. రెండు ముఖాల ఫొటో, వ్యాసం, గ్రాములో వందో వంతు దాకా బరువు, ఈ మూడే దాని గుర్తింపు. బరువు ఇంకో పనికీ వస్తుంది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ తూచినప్పుడు అంకె పెరిగితే, సీసం గాలిలోంచి ఏదో పట్టుకుందని, జబ్బు మొదలైందని కంటికి కనపడకముందే తెలుస్తుంది. కుండకైతే నంబరు రాయొచ్చు. అడుగున, చూపరులకు కనపడని చోట పారలాయిడ్ ఒక పూత వేసి, ఆరాక దాని మీద సన్న కలంతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేస్తారు. సిరా మట్టిని తాకదు.

అసలు చిక్కంతా ఇక్కడుంది. కుండకు ఒక రకం గాలి కావాలి, సీసానికి మరో రకం. కాబట్టి కుండ ఒక గదికి, మూతలు ఒక అరకు, నాణేలు ఇంకో బీరువాకు పోతాయి. కానీ వాటికి చరిత్ర ఉన్నది కలిసి ఉన్నప్పుడే. ఏ గుంటలో, ఏ పొరలో, నేలకు ఎంత లోతున, ఏ మూత కింద దొరికాయో తెలియకపోతే మిగిలేది ఎనిమిదిన్నర కిలోల పాత సీసమే. పదార్థం విడదీయమంటుంది, చరిత్ర కలిపి ఉంచమంటుంది. ఆ రెండింటినీ తీర్చేది రిజిస్టరు. ఒక్కో వరుసలో నంబరు, తవ్వకం గుంట, పొర, తేదీ, కొలతలు, ఇప్పుడున్న గది, బీరువా, అర. తవ్వినవారి నోటుపుస్తకం, గుంట గోడల బొమ్మలు, ఫొటోలు కూడా సేకరణలో భాగమే. వాటికీ నంబర్లుంటాయి, నకళ్లు వేరే భవనంలో ఉంటాయి. ఒక వస్తువును ప్రయోగశాలకు తీసుకెళ్తే అది ఉండే చోట ఒక చీటీ పెడతారు, ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసుకెళ్లారని.

వస్తువులను సరిగా దాచలేని బాధ ప్రపంచమంతటా ఉంది. మ్యూజియం గోదాముల్లోని వస్తువుల్లో సుమారు 60 శాతం ప్రమాదంలో ఉన్నాయని సాంస్కృతిక సంపద పరిరక్షణ సంస్థ ఇక్రోమ్, యునెస్కో 2011లో జరిపిన సర్వేలో తేలింది. దానికి ఇక్రోమ్ సూచించిన పద్ధతిలో రెండు కొలతలున్నాయి. అడిగిన వస్తువు ఎక్కడుందో మూడు నిమిషాల్లో తేలాలి. దాన్ని అందుకోవడానికి మరో రెండింటికి మించి కదపాల్సిన అవసరం రాకూడదు. వినడానికి చిన్నవే. 3,730 నాణేల దగ్గర వాటిని నెగ్గించాలంటే ఫోమ్‌లోని ప్రతి గుంటకూ చిరునామా ఉండాలి.

తనిఖీ రెండు వైపుల నుంచీ చేస్తారు. ముందు రిజిస్టరులో ఎక్కడో ఒక పది వరుసలు ఎంచి, ఆ వస్తువులు బీరువాల్లో ఉన్నాయో లేదో చూస్తారు. తర్వాత బీరువాల్లోంచి ఏవో పది వస్తువులు తీసి, వాటి వరుసలు రిజిస్టరులో వెతుకుతారు. మొదటిదానిలో పోయినవి బయటపడతాయి, రెండోదానిలో ఎక్కించకుండా వదిలేసినవి బయటపడతాయి. తేడా కనిపించిన వరుస పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ బీరువా మొత్తం మళ్లీ మొదటి నుంచి చూస్తారు.