పని పట్టికలు, ఫోను గంటలు : మరచిన పరిమితి

జ్ఞాపకమునకు తోడుగా సాధనములను కల్పించుకొనుట మానవునికి క్రొత్త కాదు. కొంగుముడి, గోడమీది బొగ్గుగీత, పద్దుపుస్తకము, పంచాంగము - ఇవన్నియు ఆ కోవకు చెందినవే. ఈ వరుసలో ఇటీవల చేరినవి సెల్‌ఫోనులోని ఆప్‌లు. చేయవలసిన పనుల పట్టిక, క్యాలెండరు, నోట్సు, బృందములోనివారు మాటలాడుకొను చాట్, పని ఎంతవరకు వచ్చినదో చూపు బోర్డు - వీనినన్నింటిని కలిపి ‘ప్రొడక్టివిటీ ఆప్‌లు’ అని వ్యవహరించుచున్నారు. తక్కువ కాలములో ఎక్కువ పని చేయించుట వీని వాగ్దానము. ఆ వాగ్దానము ఎంతవరకు నెరవేరుచున్నదో తెలియుటకు వీనిని నిత్యము వాడుకొను సాఫ్ట్‌వేరు ఉద్యోగి దినచర్యను పరిశీలింపవలెను.

ఒక దినము

హైదరాబాదు మాదాపూరులో కూర్చుండి అమెరికా బృందముతో కలిసి పని చేయు ఒక ఇంజనీరును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఉదయము కన్ను తెరవగానే ఆమె చేతికి వచ్చునది ఫోను. అలారము అందులోనే ఉన్నది. రాత్రి కాలిఫోర్నియాలోని సహోద్యోగులు వ్రాసిన సందేశములును అందులోనే ఉన్నవి. కాఫీ త్రాగులోపల క్యాలెండరు ఆనాటి మీటింగులను చూపును. ఆఫీసులో మొదటి పని స్టాండప్ మీటింగు. అక్కడ బోర్డుమీద ఎవరి పేర ఎన్ని టికెట్లు ఉన్నవో అందరును చూతురు. తరువాత ఆమె ప్రోగ్రాములోని ఒక తప్పును వెదకుట మొదలుపెట్టును. ఏ విలువ ఎక్కడ మారినది, ఏ ఫంక్షను దేనిని పిలిచినది అను గొలుసునంతను మనస్సులో నిలుపుకొనినగాని ఆ తప్పు దొరకదు. గొలుసు సగము కూర్చగానే చాట్ గంట మ్రోగును. అది రెండు నిమిషముల ప్రశ్నయే. కాని జవాబు వ్రాసి తిరిగి చూచుసరికి గొలుసు తెగియుండును.

సాయంత్రము ఇల్లు చేరినను దినము ముగియదు. కాలిఫోర్నియాలో ఉదయము 9 గంటలైనప్పుడు హైదరాబాదులో వేసవియందు రాత్రి 9-30, శీతకాలమందు 10-30. ఒకరి పనివేళ మరియొకరి నిద్రవేళ. ఫోను ఈ భేదమును ఎరుగదు.

ఈ ఆప్‌లలో ఏ ఒక్కటియు పనికిరానిది కాదు. అయినను దినాంతమున ఆ ఉద్యోగికి కలుగు భావము ఒకటే: ఎన్నో పనులను తాకితిని, ఒక్కటియు పూర్తి కాలేదు. దీనికి కారణము ఆమె సోమరితనము కాదు. ఆప్‌లు పాత పద్ధతులనుండి ఆకారమును తెచ్చుకొన్నవి. ఆ పద్ధతులకు ప్రాణమైన పరిమితిని మాత్రము తెచ్చుకొనలేదు. ఈ విషయమును మూడు ఉదాహరణములు స్పష్టము చేయగలవు.

కార్డులు వచ్చినవి, హద్దు రాలేదు

బోర్డుమీద కార్డులను ఎడమనుండి కుడికి జరుపు పద్ధతికి మూలము జపానులోని టొయోటా కార్ల కర్మాగారము. రెండవ ప్రపంచయుద్ధానంతరము టాయీచీ ఓనో అను ఇంజనీరు అక్కడ ‘కాన్బాన్’ అను కార్డుల పద్ధతిని అభివృద్ధి చేసెను. దాని కీలకము కార్డులో లేదు, కార్డుల సంఖ్యలో ఉన్నది. తరువాతి విభాగమునుండి కార్డు తిరిగి వచ్చినగాని ముందు విభాగము క్రొత్త భాగమును తయారుచేయరాదు. అనగా ఒకే సమయమున సగములో నున్న పని ఇంతకు మించరాదని కార్డుల సంఖ్యయే నిర్ణయించును.

ఈ నియమము వెనుకనున్న గణితమును 1961లో జాన్ లిటిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నిరూపించెను. నిలకడగా సాగుచున్న ఏ వ్యవస్థయందైనను, చేతిలోనున్న పనుల సగటు సంఖ్య, దినమునకు వచ్చు పనుల సంఖ్యను ఒక్కొక్క పనికి పట్టు సగటు కాలముచే గుణించిన లబ్ధమునకు సమానము. నిలకడ యున్నచోట వచ్చు పనులును పూర్తియగు పనులును సమానమే. దినమునకు 2 పనులు పూర్తిచేయు బృందము చేతిలో 6 పనులు ఉన్నచో ఒక్కొక్కటి సగటున 3 దినములలో ముగియును. అదే వేగముతో చేతిలో 20 పనులు ఉన్నచో ఒక్కొక్కటి 10 దినములు పట్టును. ఎవరును నెమ్మదింపలేదు, పనులు మాత్రము ఆలస్యమైనవి.

ఇంకను సులభమైన లెక్క ఒకటి కలదు. రెండేసి దినములు పట్టు మూడు పనులు ఉన్నవనుకొన్నచో, ఒకదాని తరువాత ఒకటి చేసిన అవి 2, 4, 6వ దినములలో ముగియును, సగటు 4. మూడింటిని దినమునకొకటి చొప్పున మార్చి మార్చి చేసిన 4, 5, 6వ దినములలో ముగియును, సగటు 5. ఒక పనినుండి మరియొక పనికి మారుటలో జరుగు నష్టమును లెక్కింపకయే ఈ ఆలస్యము.

2002లో వెలువడిన జిరా, 2011లో వచ్చిన ట్రెల్లో వంటి సాధనములు బోర్డును అందరి చేతికి ఇచ్చినవి. జిరాలో ఒక గడిలో ఎన్ని కార్డులు ఉండవచ్చునో నిర్ణయించు ఏర్పాటు ఉన్నమాట నిజమే. కాని దానిని వాడుట ఐచ్ఛికము. సంఖ్య మించినచో గడి రంగు మారునే కాని కార్డు ఆగదు. కర్మాగారములో నియమముగా నున్నది ఇక్కడ అలంకారముగా మిగిలినది.

పట్టిక, గడియారము

రెండవ ఉదాహరణము పనుల పట్టిక. అసంపూర్ణమైన పని మనస్సును వదలదని 1927లో బ్లూమా జైగార్నిక్ బెర్లిన్‌లో జరిపిన ప్రయోగములను ప్రకటించెను. తరువాతి ప్రయోగములన్నింటిలోను అదే ఫలితము రాలేదు. కాని 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనువారు ఉపయోగకరమైన ఒక సంగతిని కనుగొనిరి: పని పూర్తికాకున్నను, దానిని ఎప్పుడు, ఎట్లు చేయవలెనో నిశ్చయించుకొన్నచో అది మనస్సును అంతగా బాధింపదు. పట్టిక ఉపశమనము కలిగించునన్నమాట సత్యమే, అందులో నిశ్చయము ఉన్నంతవరకు. డేవిడ్ అల్లెన్ 2001లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథము ‘గెటింగ్ థింగ్స్ డన్’ సహితము వారమునకొకసారి పట్టికనంతను సమీక్షింపవలెనని విధించినది. ఆప్‌లో క్రొత్త పని చేర్చుటకు ఒక్క వ్రేలి తాకుడు చాలును. సమీక్షకు అరగంటయో గంటయో కావలెను. కావున చేర్చుట నిత్యము జరుగును, సమీక్ష జరుగదు. రెండు వందల పనులున్న పట్టిక జ్ఞాపకమునకు తోడు కాదు. అది చెల్లింపని బాకీల చిట్టా.

మూడవది పొమొడోరో పద్ధతి. 1980-90 దశకము చివర రోములో విద్యార్థిగా నున్న ఫ్రాన్సెస్కో చిరిల్లో వంటింటి గడియారమును త్రిప్పి పెట్టుకొని చదువసాగెను. ఆ గడియారము టమాటా ఆకారములో నుండెను. ఇటాలియను భాషలో టమాటాకు పొమొడోరో అని పేరు. 25 నిమిషములు ఒకే పని, 5 నిమిషములు విశ్రాంతి; ఇట్లు నాలుగు విడతలైన పిమ్మట దీర్ఘ విశ్రాంతి. దానికి కావలసినవి గడియారము, కాగితము, పెన్సిలు మాత్రమే. అట్టి గడియారమునకు మరొక పని రాదు. అదే దాని సుగుణము. నేడు ఇదే పద్ధతి ఆప్‌గా లభించుచున్నది. ఏ యంత్రము ఏకాగ్రతను చెరచుచున్నదో దానినే ఏకాగ్రతకు కావలి పెట్టుట ఇందలి వింత.

గంట మ్రోగినంత మాత్రమున

2009లో ఆపిల్ సంస్థ తన ఫోనులలో పుష్ నోటిఫికేషనులను ప్రవేశపెట్టినది. అప్పటినుండి ఏ ఆప్ అయినను, తెరువబడకయే, యజమానిని పిలువగలిగెను. ‘గంట మ్రోగిన మ్రోగనిమ్ము, చూడకున్న సరి’ అనువారు కలరు. ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన ప్రయోగఫలితములు ఈ వాదమును సమర్థింపవు. శ్రద్ధ అవసరమైన పని చేయుచున్నవారికి నోటిఫికేషను వచ్చినప్పుడు, వారు ఫోనును ముట్టకున్నను వారి పనిలో తప్పులు పెరిగినవి. ఒక పనిని అసంపూర్ణముగా వదలి మరియొకదానికి మారినప్పుడు శ్రద్ధలో కొంత భాగము పాత పనివద్దనే నిలిచిపోవునని 2009లో సోఫీ లెరోయ్ చూపెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో గ్లోరియా మార్క్ జరిపిన కొలతలలో, ఉద్యోగులు ఒక తెరమీద నిలుపు దృష్టి 2004లో సగటున రెండున్నర నిమిషములు. ఇటీవలి సంవత్సరములలో సుమారు 47 సెకనులు.

అయిన నోటిఫికేషనులను పూర్తిగా ఆపివేయుట పరిష్కారమా? 2019లో వెలువడిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పినది. 237 మందిని వర్గములుగా విభజించి, కొందరికి నోటిఫికేషనులు ఎప్పటివలె, కొందరికి దినమునకు మూడు పర్యాయములు మూటగా అందజేసిరి. కొందరికి అసలే ఇయ్యలేదు. మూడు పర్యాయములు అందుకొన్నవారు ఎక్కువ ఏకాగ్రతతో, తక్కువ ఒత్తిడితో నున్నట్లు తెలిపిరి. అసలే అందనివారికి ఆ లాభము అంతగా కలుగలేదు. పైగా ఏమి జారిపోవుచున్నదో అను ఆందోళన పెరిగినది. కావలసినది నిషేధము కాదు, పరిమితి. 2021 నుండి ఐఫోనులలో నోటిఫికేషనులను నిర్ణీత వేళకు మూటకట్టి అందించు సౌకర్యము కలదు. కాని దానిని వెదకి పెట్టుకొనవలసినవాడు వినియోగదారుడే.

తప్పు ఎవరిది?

దోషమునంతను యంత్రముమీద మోపుట న్యాయము కాదు. అర్ధరాత్రి బ్యాంకు సర్వరు ఆగిపోయినచో ఎవరినైనను లేపక తప్పదు. కాని ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ వైద్యులకు వంతులవారీగా ఉండును. వైద్యులందరిని ప్రతిరాత్రి మేలుకొలుపరు. సాఫ్ట్‌వేరు సంస్థలలోను ఆన్‌కాల్ వంతులు కలవు. చిక్కంతయు వంతు లేనివారి ఫోనుకూడ మ్రోగుటలోనే ఉన్నది. అట్టిచోట ఉద్యోగి ఒక్కడే తన ఫోనును మూగబుచ్చిన లాభము లేదు; వెంటనే జవాబియ్యనివాడు పని చేయనివాడని తలచు పై అధికారి ఉన్నంతకాలము ఏ ఆప్ ఆతనిని రక్షింపలేదు. అందుచేతనే కొన్ని దేశములు దీనిని చట్టవిషయముగా గ్రహించినవి. పనివేళలు ముగిసిన పిదప సంపర్కము తెంచుకొను హక్కు ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుండి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుండి అమలులోనికి వచ్చినది. మనదేశమున 2018లో లోక్‌సభయందు ఇట్టి హక్కును కోరుచు సుప్రియా సూలే ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టము కాలేదు.

తరగతిలో ఒక పరీక్ష

ఈ విషయమును ఉపాధ్యాయులు ఖర్చు లేకుండ తరగతిలో చూపవచ్చును. విద్యార్థులచే మొదట 1 నుండి 20 వరకు అంకెలను, తరువాత క మొదలుకొని ఇరువది హల్లులను వరుసగా వ్రాయించి, పట్టిన సెకనులను గుర్తింపవలెను. పిదప 1, క, 2, ఖ, 3, గ అను క్రమమున మార్చి మార్చి వ్రాయించి తిరిగి కాలమును కొలువవలెను. వ్రాయు అక్షరములు అవే, చేయి అదే. సాధారణముగా రెండవ పర్యాయము ఎక్కువ సెకనులు పట్టును, తప్పులును ఎక్కువ దొరలును. ఆ రెండు కాలముల భేదమే మార్పిడికి చెల్లించు సుంకము. ఫోనును ప్రక్కన పెట్టుకొని భౌతికశాస్త్రపు లెక్క చేయు విద్యార్థియు సాఫ్ట్‌వేరు ఇంజనీరువలెనే ఆ సుంకమును చెల్లించుచున్నాడు.

ఇక మీదట ఏ క్రొత్త ఆప్ వచ్చినను మూడు ప్రశ్నలు వేయవచ్చును. చేతిలోని పనుల సంఖ్యకు అది హద్దు పెట్టునా? యజమాని పిలిచినప్పుడే పలుకునా? పని ముగియు వేళను గుర్తించునా? నేడు వాడుకలోనున్న వానిలో పెక్కు ఈ మూడు ప్రశ్నలకు ‘మీరు పెట్టుకొన్నచో’ అని మాత్రమే జవాబియ్యగలవు. హద్దు మొదటనే ఉండి, దానిని తొలగించుటకు శ్రమపడవలసి వచ్చిననాడు ఈ సాధనములు తమ పేరునకు తగినవగును.