చీటీ తీసే చెయ్యి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చీట్లు వెయ్యడం అందరికీ తెలిసిన పనే. అన్నదమ్ముల వాటాలు తేలకపోతే కాగితం ముక్కలు ఒకే తీరున మడిచి చెంబులో వేస్తారు. పిల్లాడి చేత తీయిస్తారు. చీటీలో పడ్డాక ఇంక తగువు లేదు.

ఈ పద్ధతికి పాత సాక్ష్యం తమిళనాడులోని ఉత్తరమేరూరు గుడి గోడల మీద ఉంది. 919, 921 నాటి చోళ శాసనాల ప్రకారం ఊరి సభ సంఘాలకు మనుషులను ఎంచడానికి 30 వాడల్లోని అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో కలిపి, లోపలేముందో తెలియని బాలుడితో తీయించేవారు. లెక్క అప్పజెప్పనివాడి పేరు కుండలోకే రాదు. అయితే భూమి లేనివాళ్లకూ అందులో చోటు లేదు.

ఆ లోటును, మామూలు జనాన్ని లాటరీతో పిలిచే నేటి పౌరసభలు తీరుస్తున్నాయి. ఐర్లండ్‌లో 2016లో మొదలైన సభకు వయసు, ప్రాంతం, ఆడామగా సమతూకం చూసి 99 మందిని యాదృచ్ఛికంగా ఎంచారు. వాళ్లు నిపుణులను విన్నారు, చిన్న బల్లల చుట్టూ చర్చించారు, ఆఖరున ఓటేశారు.

మన దగ్గర 2001లో మెదక్ జిల్లా ఆల్గోలులో 'ప్రజాతీర్పు' అనే పౌర విచారణ జరిగింది. జ్యూరీని లాటరీతో కాక ఎంపిక చేసి కూర్చోబెట్టారు. చిన్నరైతులు, ఎక్కువగా దళిత, ఆదివాసీ మహిళలు, సేద్యం భవిష్యత్తుపై సాక్షులను నిలదీసి తీర్పు చెప్పారు.

చీటీ మనిషిని సభకు పిలుస్తుంది, అంతే. ఓపిగ్గా వినడం, సూటిగా అడగడం, అవసరమైతే మనసు మార్చుకోవడం ఆ మనిషి నేర్పు. ఆ నేర్పు మన రచ్చబండ దగ్గర పుష్కలంగా ఉంది. మన గ్రామసభలకూ ఒక కుండ, కొన్ని చీట్లు తోడైతే ఎంత బాగుంటుంది!